1674 నాటి సుద్ద బొమ్మను ఎంతవరకు నమ్మొచ్చు? పార్థెనాన్ శిల్పాల మీద ఒక ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గ్రీకు కళ మీద ఒక పుస్తకంలో, ఏథెన్స్‌లోని ప్రాచీన గుడి పార్థెనాన్ ముఖభాగపు శిల్పాల బొమ్మ చూశారు. కింద 1674 అని వేశారు. పెన్సిల్‌తో హడావుడిగా గీసినట్టుంది, ముఖాలు సరిగ్గా లేవు, బట్టల మడతలు నాలుగు గీతల్లో తేల్చేశారు. అయినా పుస్తకంలో మాటిమాటికీ "ఈ బొమ్మను బట్టి" అంటూ రాశారు. ఇంత మోటు బొమ్మను పండితులు ఎందుకు ప్రమాణంగా తీసుకుంటారు? మన గుళ్ళ శిల్పాలను అదే పద్ధతిలో గీయాలంటే ఏం వాడాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఏ విగ్రహం ఎక్కడుంది, ఏ భంగిమలో ఉంది, అప్పటికే ఏం విరిగిపోయింది: ఈ మూడింటికీ ఆ బొమ్మను నమ్మొచ్చు. ముఖంలో భావం, కండల తీరు, ఉలి పనితనం కోసం దాన్ని నమ్మకండి. అది పెన్సిల్ కాదు, సుద్ద. హడావుడిగా గీసిన మాట నిజమే, కానీ ఆ హడావుడిలో ఏం పట్టుకోవాలో, ఏం వదిలేయాలో తెలిసిన చెయ్యి అది. నేను డ్రాయింగ్ నేర్పుతూ, సెలవులొస్తే పాత గుళ్ళ శిల్పాలను గీస్తూ ఇరవై ఎనిమిదేళ్ళు గడిపాను. అందుకే ఈ బొమ్మ గురించి కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది.

సుద్ద అనగానే మనకు బడిలో నల్లబల్ల మీద రాసే సుద్దముక్క గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఆ రోజుల్లో యూరప్ చిత్రకారులు వాడింది భూమిలోంచి తవ్వి తీసిన మెత్తటి రాయి. ఎర్రసుద్ద అంటే ఇనుపరాయి రంగు కలిసిన బంకమట్టి. మన జేగురుకూ, తెలంగాణలో గోడలకు పూసే జాజుకూ దగ్గరి చుట్టం. నల్లసుద్ద అంటే నల్లటి మసిపదార్థం నిండిన పలకరాయి లాంటిది. వీటిని సన్నటి కడ్డీలుగా కోసి, ఇత్తడి పట్టుకర్రలో బిగించి గీసేవాళ్ళు. లియొనార్డో డావించీ 1490ల్లోనే ఎర్రసుద్దను బాగా వాడాడు.

శిల్పాలు గీసేవాళ్ళకు ఇది ఎందుకంత నచ్చిందో చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. పెన్నూ ఇంకూ అయితే అంచు వస్తుంది గానీ గుండ్రం రాదు. బొగ్గు అయితే గుండ్రం బాగా వస్తుంది, కానీ మోచెయ్యి తగిలితే సగం బొమ్మ పోతుంది. సుద్ద ఈ రెండింటికీ మధ్య. మొన చెక్కితే సన్నగీత, అడ్డంగా పడుకోబెట్టి లాగితే నీడ, నాలుకతో తడిపి నొక్కితే ముదురు రంగు, అన్నీ ఒక్క ముక్కతోనే. సిరాబుడ్డి అక్కర్లేదు, ఆరేదాకా ఆగక్కర్లేదు. ఎండలో నిలబడి, తలెత్తి చూస్తూ, ఒళ్ళో అట్ట పెట్టుకుని గీసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక ఆ బొమ్మ సంగతి. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తరఫున ఇస్తాంబుల్‌లో రాయబారిగా ఉన్న మార్కీ ద నోయాంతెల్ 1674 నవంబరులో ఏథెన్స్ వచ్చాడు. వెంట చిత్రకారుణ్ణి తెచ్చుకున్నాడు. ఆ చిత్రకారుడు త్రోయ్ ఊరివాడైన జాక్ కారే అని చాలాకాలం అందరూ రాశారు. కాదనేవాళ్ళూ ఉన్నారు కాబట్టి "నోయాంతెల్ చిత్రకారుడు" అనడం మేలు. అప్పట్లో పార్థెనాన్ మసీదుగా ఉంది, అది ఉన్న అక్రోపొలిస్ కొండ మొత్తం టర్కీ సైన్యం కోట. పరాయివాణ్ణి అక్కడ తిరగనివ్వడమే గొప్ప, మంచె కట్టుకోనివ్వడం మాట అటుంచండి. నేల మీద నిలబడి, పన్నెండు మీటర్లకు పైగా ఎత్తున ఉన్న శిల్పాలను ఆయన కొద్దిరోజుల్లో ఎర్రసుద్దతో, నల్లసుద్దతో గీసుకున్నాడు. ఆ కాగితాలు ఇప్పుడు పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి.

పదమూడేళ్ళు తిరక్కుండానే ఘోరం జరిగింది. 1687 సెప్టెంబరు 26న కొండను ముట్టడించిన వెనిస్ సేన పేల్చిన గుండు పార్థెనాన్ మీద పడింది. లోపల టర్కీవాళ్ళు దాచిన తుపాకిమందు ఉంది. గుడి మధ్యభాగం ఎగిరిపోయింది. ఊరు చేజిక్కాక వెనిస్ సేనాధిపతి మొరోసీనీ పడమటి ముఖం మీది గుర్రాల విగ్రహాలను దేశానికి పట్టుకుపోదామని దింపించబోతే, తాళ్ళు తెగి అవి కింద పడి ముక్కలయ్యాయి. అంటే ఆ గుర్రాలు ముందుకాళ్ళెత్తి రథాన్ని లాగుతున్నట్టు ఎలా ఉండేవో మనకు తెలిసింది ఆ సుద్దగీతల వల్లే.

దక్షిణం వైపు సంగతి ఇంకా స్పష్టం. పార్థెనాన్‌కు చుట్టూ పైన మెటోప్‌లనే చదరపు ఫలకాలు 92 ఉండేవి. పొడుగు వైపులా 32 చొప్పున, పొట్టి వైపులా 14 చొప్పున. మిగతా మూడు వైపులవి చాలావరకు అప్పటికే ఎవరో చెక్కిపారేశారు, దక్షిణపువి బాగున్నాయి. నోయాంతెల్ చిత్రకారుడు ఆ 32నీ గీశాడు. పేలుడులో మధ్యలోవి, అంటే 13 నుంచి 21 దాకా పోయాయి. ముక్కలు కొన్ని దొరికినా, ఆ తొమ్మిది ఫలకాల మొత్తం రూపం ఇవాళ మనకు దక్కింది ఈ బొమ్మల్లోనే. అటూ ఇటూ ఉన్నవాటిలో మనుషులకూ, సగం గుర్రం సగం మనిషి అయిన సెంటార్లకూ జరిగే యుద్ధం. మధ్యవాటిలో సెంటార్లు లేనేలేవు. అక్కడ ఏ కథ చెక్కారన్నది పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనలన్నిటికీ ముఖ్య ఆధారం మీరు మోటుగా ఉందన్న ఆ చెయ్యి గీసిన తొమ్మిది బొమ్మలే.

"ఆయన సరిగ్గానే గీశాడని ఎలా తెలుసు?" అని మీకు అనుమానం రావాలి. వచ్చి తీరాలి. మిగిలిన రాళ్ళతో పోల్చి చూడటమే దానికి దారి. దక్షిణపు నాలుగో ఫలకం తీసుకోండి. ఫలకం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో మనిషికీ సెంటారుకూ తలలు లేవు. ఆ రెండు తలలూ డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ మ్యూజియంలో ఉన్నాయి. 1688లో వెనిస్ సేనలో పనిచేసిన ఓ అధికారి పట్టుకెళ్ళినవి. సుద్దబొమ్మలో ఆ తలలు మొండేల మీదే ఉన్నాయి. ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సెంటారు చేతులెత్తి నీటికుండ విసరబోతున్న తీరు, కింద మనిషి డాలు అడ్డం పెట్టుకుని వెనక్కి ఒరిగిన తీరు బొమ్మలో ఉన్నట్టే రాతిలోనూ ఉన్నాయి. ముఖాలు మాత్రం వేరు. కోపెన్‌హాగెన్‌లోని రాతి ముఖాల్లో ఉన్న బిగువు కాగితం మీద లేదు. పన్నెండు మీటర్ల దూరం నుంచి ఆ బిగువు ఎవరికీ కనపడదు. కనపడేది ఒరుగు, వంపు, బరువు ఏ కాలి మీదుందన్నది. సుద్ద అడ్డంగా లాగితే ముందు పడేవీ అవే.

ఇక్కడ మాటకూ బొమ్మకూ ఉన్న తేడా ఒకటి చెప్పాలి. ఆ బొమ్మలు గీసిన రెండేళ్ళ తర్వాత, 1676లో, స్పోన్, వీలర్ అనే ఇద్దరు చదువుకున్న యాత్రికులు అదే గుడి చూశారు. కొండెక్కగానే ఎదురయ్యేది పడమటి ముఖం కాబట్టి అదే సింహద్వారం అనుకుని, అక్కడి శిల్పం ఎథీనా దేవి పుట్టుక కథ అని రాశారు. నిజానికి ఆ కథ తూర్పు ముఖానిది. పడమటిది ఎథీనాకూ సముద్రదేవుడు పోసైడాన్‌కూ ఆ నేల కోసం జరిగిన పోటీ. మూలన కూర్చున్న ఒక జంటను చూసి రోమన్ చక్రవర్తి హాడ్రియన్, ఆయన భార్య అనుకున్నారు. చదువున్నవాళ్ళు కాబట్టి తెలిసిన పేర్లు తగిలించారు. సుద్ద పట్టుకున్నవాడు పేర్ల జోలికి పోలేదు. ఎవరు ఎవరి పక్కన ఎలా కూర్చున్నారో అంతే గీశాడు. మూడొందల యాభై ఏళ్ళయినా అది తప్పు కాలేదు.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది తూర్పు ముఖపు బొమ్మ. మసీదు కాకముందు ఆ గుడిని చర్చిగా మార్చినప్పుడు తూర్పు మధ్యభాగం శిల్పాలు తీసేశారు. 1674 నాటికి అక్కడ ఏమీ లేదు. చిత్రకారుడు రెండు మూలల్లో మిగిలిన విగ్రహాలను గీసి మధ్యలో ఖాళీ వదిలేశాడు. ఆ కాలంలో విరిగిన విగ్రహం కనబడితే ముక్కూ చెయ్యీ అతికించి అందంగా చేయడం మామూలు ఆచారం. కాగితం మీదైతే ఇంకా సులువు. ఆయన అలా చేయలేదు. ఆ ఖాళీ వల్లే మిగతా గీతలను నమ్మగలుగుతున్నాం. కథ ఎథీనా పుట్టుకదని తెలుసు గానీ, మధ్యలో విగ్రహాలు సరిగ్గా ఎలా ఉండేవో ఈరోజుకీ ఎవరికీ తెలియదు.

అన్ని సుద్దబొమ్మలూ ఇలా ఉండవు, అందుకని రెండు జాగ్రత్తలు చెబుతాను.

ఎందుకోసం గీశారో చూడండి. ఫ్రెంచి చిత్రకారుడు హ్యూబర్ రొబేర్ 1754 నుంచి పదకొండేళ్ళపాటు ఇటలీలో ఉండి, రోము శిథిలాలను ఎర్రసుద్దతో వందల కొద్దీ గీశాడు. చూడటానికి కళ్ళు చాలవు. కానీ ఒకచోటి స్తంభం, ఇంకోచోటి విగ్రహం, మరోచోటి మెట్లు కలిపి కొత్త దృశ్యం కల్పించడం ఆయనకు ఇష్టం. అందం కోసం ఆయన దగ్గరికి వెళ్ళండి, సాక్ష్యం కోసం వద్దు. అలాగే చిత్రకారుడు రూబెన్స్ రోములో ప్రాచీన విగ్రహాలను నల్లసుద్దతో గీసినప్పుడు రాతిని రాతిలా గీయలేదు, చర్మంలా గీశాడు. బొమ్మలో రాతివాసన రాకూడదని ఆయన పట్టుదల, దాని మీద వ్యాసమే రాశాడు. చిత్రలేఖనం నేర్చుకునేవాడికి అది బంగారం లాంటి మాట. శిల్పం ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవాడు మాత్రం ఆచితూచి చూడాలి.

కుడిఎడమలు తిరగబడ్డాయేమో చూడండి. ఎర్రసుద్ద బొమ్మ మీద తడికాగితం వేసి ఒత్తితే అద్దంలో చూసినట్టు తిరగబడిన నకలు వస్తుంది. రొబేర్ అలాంటివి బోలెడు తీశాడు. అలాంటి నకలు చేతికొస్తే కుడిచేయి ఎడమచేయి అవుతుంది, తూర్పుమూల పడమటిమూల అవుతుంది. గుర్తుపట్టడానికి నీడగీతలు చూడండి. కుడిచేతివాటం మనిషి నీడ వేస్తే గీతలు మామూలుగా పైన కుడి నుంచి కింద ఎడమకు వాలతాయి. తిరగబడ్డ నకల్లో ఎదురు వాలుతాయి, పైగా సుద్ద పేలవంగా, చదునుగా ఉంటుంది. డావించీలా ఎడమచేతివాటం వాళ్ళుంటారు, కాబట్టి ఈ ఒక్క గుర్తుతోనే తేల్చేయకండి.

మనకూ ఇలాంటి కథ ఒకటుంది. లండన్‌లో పార్థెనాన్ శిల్పాలున్న ఆ మ్యూజియంలోనే మన అమరావతి స్తూపం రాళ్ళున్నాయి. స్తూపం రాళ్ళను ఊరి కట్టడాలకు తరలిస్తున్న రోజుల్లో, ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కింద పనిచేసిన చిత్రకారులు 1816 నుంచి అక్కడ కూర్చుని ఒక్కో ఫలకాన్నీ గీశారు. వాళ్ళు వాడింది సుద్ద కాదు, ఎక్కువగా పెన్సిలూ ఇంకూ పలచటి రంగూ. వాళ్ళు గీసిన ఫలకాల్లో కొన్ని తర్వాత కనబడకుండా పోయాయి. వాటి రూపం ఆ కాగితాల మీద మాత్రమే ఉంది. నోయాంతెల్ చిత్రకారుడికి లేని సౌకర్యం ఒకటి వాళ్ళకు దొరికింది. రాళ్ళు నేల మీదే ఉన్నాయి, దగ్గర కూర్చుని కొలతలు వేసుకుని గీశారు. అందుకే పద్మాల రేకుల దాకా వివరం ఉంటుంది.

ఖాళీ వదలడం గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే నా చేతులతో ఒక తప్పు జరిగింది. చాలా ఏళ్ళ కిందట ఒక పల్లెలో పాత గుడి ముఖమండపం స్తంభాలు గీశాను. ఒక స్తంభం మీద వరసగా నాట్యగత్తెలు. చివరామె కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మిగతావాళ్ళ చేతుల్లో కోలలున్నాయి కదా అని ఆమె చేతిలోనూ ఒక కోల గీసేశాను, ఎర్రసుద్దతో, మిగతా గీతలంత గట్టిగానే. బొమ్మ నిండుగా వచ్చిందని సంతోషపడ్డాను. తర్వాత గుడి బాగుచేసేటప్పుడు ఊరివాళ్ళు నా బొమ్మ జిరాక్సు శిల్పికి ఇచ్చారు. ఆయన దాన్ని చూసి కొత్త చెయ్యి చెక్కి అతికించాడు, చేతిలో కోలతో సహా. మళ్ళీ వెళ్ళినప్పుడు పొద్దున్నే ఏటవాలు ఎండలో చూస్తే ఆమె నడుము పక్కన, రాతిలో కలిసిపోయి, చిన్న గిన్నె అంచు కనబడింది. నేను గీసింది మిట్టమధ్యాహ్నం, అప్పుడు ఆ అంచు ఎండలో మునిగిపోయింది. ఆమె కోలాటం ఆడటం లేదు, పళ్ళెమో గిన్నెనో పట్టుకుని నిలబడింది. శిల్పి తప్పేం లేదు, నా కాగితాన్ని నమ్మాడు. ఆ రోజు నుంచీ కనబడని దాన్ని నేను గీయలేదు.

ఇక మీ రెండో ప్రశ్న, ఏం వాడాలని.

అసలైన తవ్వినరాయి సుద్ద ఇక్కడ దొరకడం కష్టం. బజారులో జేగురుగడ్డ కొని కోసి చూశాను. రంగు అద్భుతం, కానీ అందులో ఇసుకరేణువులుంటాయి, మొన లాగుతుంటే కాగితం చీరుకుపోతుంది. ఆర్టు సామాన్ల దుకాణంలో "సాంగ్విన్" అని అడగండి, కడ్డీలుగానూ పెన్సిళ్ళుగానూ ఇస్తారు. 1795లో కాంటే అనే ఫ్రెంచి ఆయన పొడీ బంకమన్నూ కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టాక వచ్చిన సరుకు ఇది. పాతదానికంటే గీత ఒకేలా వస్తుంది, కాస్త గట్టిగా ఉంటుంది. శిల్పానికి చాలు. కాగితం మరీ నున్నగా ఉండకూడదు, సుద్ద పట్టదు. మరీ గరుకైతే వేళ్ళూ కళ్ళూ రావు.

రాతిని బట్టి రంగు మార్చుకోండి. అమరావతి, నాగార్జునకొండల లేతరంగు సున్నపురాతికి ఎర్రసుద్ద ఇట్టే కుదురుతుంది, నీడలు వెచ్చగా వస్తాయి. లేపాక్షి గ్రానైటుకు నల్లసుద్దే మేలు, ఎర్రదాంతో గీస్తే ఆ గరుకుతనం పోయి మట్టిబొమ్మలా అవుతుంది. రామప్ప గుడి మదనికల నల్లరాయి అద్దంలా మెరుస్తుంది. దానికి బూడిదరంగు కాగితం తీసుకుని, నల్లసుద్దతో నీడా తెల్లసుద్దతో మెరుపూ వేయండి. కాగితం రంగే శరీరం అవుతుంది. నాకైతే ఆ మదనికలను తెల్లకాగితం మీద గీయబుద్ధి కాదు.

గీసే ముందు అరగంట ఊరికే చూడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రెండు వైపుల వెలుగులోనూ చూశాకే మొదలుపెట్టండి. ముందు పెద్ద వాలుగీతలు, తల నుంచి బరువు మోస్తున్న పాదం దాకా. తర్వాత విగ్రహాల మధ్య ఖాళీల ఆకారాలు. నగలూ మడతలూ చివర. విరిగిన అంచుకు విడిగా ఒక గుర్తు పెట్టుకోండి. నేను తెగిన గీత వాడతాను. ఊహించి గీయాలనిపిస్తే వేరే కాగితం మీద గీసి "ఊహ" అని రాయండి. బొమ్మ మూలన తేదీ, వేళ, మీరు నిలబడ్డ దిక్కు, శిల్పం ఎత్తు రాయడం మరిచిపోకండి. నేను ఆ వేళ రాసి ఉంటే శిల్పి కనీసం అనుమానపడేవాడు.

చెమట పెద్ద శత్రువు. అరచేతి కింద ఒక ముక్క కాగితం పెట్టుకోండి. ఇంటికొచ్చాక బొమ్మల మధ్య బటర్ పేపర్ వేసి దాచండి, లేకపోతే ఒకదాని సుద్ద ఇంకోదానికి అంటుకుంటుంది. ఫిక్సేటివ్ (సుద్ద రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాలంటే ఆరుబయట, దూరం నుంచి, పలచగా. ఎక్కువైతే ఎర్రసుద్ద ముదిరి గోధుమరంగుకు తిరుగుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. సుద్ద కాగితానికే, రాతికి కాదు. గీతలు బాగా కనపడతాయని శాసనాల మీదా శిల్పాల మీదా సుద్దపొడో ముగ్గుపిండో రుద్దేవాళ్ళను చాలాచోట్ల చూశాను. ఆ పొడి రాతి రంధ్రాల్లో దిగిపోతుంది, తర్వాత నీళ్ళు పోసి తోమితే చెక్కుడు అరుగుతుంది. అక్షరం కనపడకపోతే సాయంత్రం దాకా ఆగండి, లేదా పక్కనుంచి టార్చిలైటు వేసి చూడండి.

మొదటి బొమ్మకు నిలువెత్తు విగ్రహం వద్దు. ఏ స్తంభం అడుగునో కళ్ళ ఎత్తులో ఉండే జానెడు ఫలకం ఎంచుకుని, ఒకే ఫలకాన్ని పొద్దునా సాయంత్రమూ రెండుసార్లు గీయండి. రెండూ ఇక్కడ పెట్టండి, పక్కన ఫొటో పెట్టకండి. ముందు బొమ్మలనే చదివి ఏం కనపడుతోందో నేను రాస్తాను, తర్వాత మీరు ఫొటో చూపించండి.